అడిగినంతే తూచాను

పేరుకి నేను ఒక త్రాసునే గానీ, మీరు బజారులో చూసే త్రాసుల్లాంటిదాన్ని కాదు. ఉల్లిపాయలు, బెల్లం నా పళ్ళేల్లో వేస్తే నా దండ వంగిపోతుంది. పళ్ళేలు రెండూ రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవి. దండ జానెడు కూడా ఉండదు. దాని నడుమ ఉక్కుతో చేసిన కత్తి అంచు, ఆ అంచు కూర్చోవడానికి రాతి గాడి, కిందికి వేలాడే సన్నటి ముల్లు, చుట్టూ అద్దాల పెట్టె. ఇంతే నేను. పెట్టె తలుపు తీసి ఉంటే ఎదుటి మనిషి నిట్టూర్పుకి కూడా నా ముల్లు ఊగుతుంది. వీధిలో లారీ పోతే ఊగుతుంది. పక్కగదిలో ఎవరైనా గిన్నె జారవిడిచినా ఊగుతుంది. పుట్టిన దగ్గర్నుంచి నేను స్థిమితంగా ఉన్న క్షణాలన్నీ కలిపితే ఎంతో కాదు.

నన్ను సికింద్రాబాదులో ఒక రేకుల షెడ్డులో మస్తాన్ అనే పనివాడు చేశాడు. మూడు రోజులు కూర్చుని కత్తి అంచు అరగదీశాడు. నాలుగో రోజు ఒక పళ్ళెంలో తన కనురెప్ప వెంట్రుక ఒకటి వేసి, ముల్లు కదిలితే తల పంకించాడు. ఆ తర్వాత నన్ను మళ్ళీ చూడలేదు.

మొదట ఒక మందుల దుకాణంలో పనిచేశాను. రామదాసు అనే కాంపౌండరు పొడులు తూచి కాగితాల్లో పొట్లాలు కట్టేవాడు. ఆయన తూకం రాళ్ళు గ్రెయిన్ల లెక్కవి, గ్రెయినంటే గోధుమ గింజంత బరువు. అన్నిటికంటే చిన్నది గ్రెయినులో పదో వంతు, దోమ రెక్కంత అల్యూమినియం రేకు. దాన్ని చిమటాతో పట్టుకుని పెట్టేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు. తర్వాత అన్నీ కంపెనీ మాత్రలే వచ్చేశాయి. నన్ను గుడ్డలో చుట్టి బల్ల కింద పెట్టారు. కొన్నేళ్ళకి జుమ్మేరాత్ బజారులో, విరిగిన టేబుల్ ఫ్యాన్లకీ మూతల్లేని ఫ్లాస్కులకీ మధ్య కూర్చున్నాను.

అక్కడ నన్ను తీసుకున్నవాడు గెరా కృపావరం. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో టర్నరు. నలభై ఆరేళ్ళవాడు, పొడుగ్గా ఉంటాడు, చేతుల మీద ఎప్పుడూ నూనె వాసన. నన్ను అమ్మేవాడు అడిగాడు, "బంగారం పని చేస్తావా అన్నా?"

"కాదు. మందు తూయాలి."

పాత ఉద్యోగమే దొరికిందనుకుని సంబరపడ్డాను. ఆయన ఇంటికి వెళ్ళాక గానీ తెలియలేదు, ఇది తుపాకి మందని. మనుషులు ప్రాణం నిలిపేదానికీ ప్రాణం తీసేదానికీ ఒకటే మాట వాడుకుంటారు. త్రాసుకి మాత్రం రెండూ పొడే.

కృపావరం ఎవరి ప్రాణమూ తీసేవాడు కాదు. ఆదివారాలు రైఫిల్ క్లబ్బులో రివాల్వరుతో ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఉన్న కాగితాన్ని కాల్చేవాడు, అంతే. ఆ రోజుల్లో కొత్త తూటాలు కోటా మీద వచ్చేవి, వచ్చినవి సాధనకి ఏ మూలకీ చాలేవి కావు. అందుకని కాల్చేసిన ఇత్తడి తొడుగులు ఏరుకొచ్చి, కడిగి, ఇంట్లో మళ్ళీ నింపుకోవడానికి క్లబ్బు ద్వారా అనుమతి తెచ్చుకున్నాడు. శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, భోంచేసి, కిటికీలు మూసి, ఫ్యానాపి నా ఎదుట కూర్చునేవాడు. తొడుగు అడుగున నిప్పు రాజేసే కొత్త టోపీ బిగించడం, నేను తూచిన మందు పోయడం, పైన సీసపు గుండు నొక్కడం. బల్ల మీద ఒక సీసాలో ఒకే రకం మందు తప్ప రెండోది ఉండనిచ్చేవాడు కాదు. ఆయన భార్య ఎస్తేరు రైల్వే ఆస్పత్రిలో నర్సు. "చర్చిలో ఇంత నిశ్శబ్దంగా కూర్చోరు మీరు," అనేది.

ఎంత మందు పోయాలన్నది నేర్పింది సింహాద్రి నాయుడు. సైన్యంలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. విజయనగరం వైపు యాస ఇన్నేళ్ళ ఉత్తరాది ఉద్యోగంలోనూ పోలేదు. ఆయన ఒక అచ్చు పుస్తకం తెచ్చిచ్చాడు. అందులో ప్రతి గుండుకీ రెండు అంకెలు ఉంటాయి. ఒకటి దాటకూడదు, రెండోదాని కిందికి దిగకూడదు.

"ఎక్కువ పోస్తే పేలుద్దని అందరికీ తెలుసు బాబూ," అన్నాడు నాయుడు నా బల్లమీద మోచేతులు ఆనించి. "తక్కువ పోస్తే ఏటవుద్దో సానామందికి తెల్దు. గుండు బయటికెళ్ళదు. బ్యారెల్లోనే, అదే గొట్టంలోనే, ఇరుక్కుండిపోద్ది. అది సూసుకోకుండా రెండోది కాల్సినావనుకో, దాని ఎనకాల ఇది గుద్దుకుని బ్యారెలు సీలిపోద్ది. సెయ్యి కూడా."

"అయితే ఎంత పొయ్యమంటారు?"

"ఈ రెండిట్నడుమ ఎక్కడో నీ రివాల్వరుకి నచ్చిన అంకె ఒకటుంటాది. దాన్ని నువ్వే ఎతుక్కోవాల."

రెండు నెలలు వెతికాడు. కింది అంకెకి కాస్త పైన మొదలుపెట్టి, ఒక్కో తూకానికి అయిదేసి తూటాలు నింపి, డబ్బా మూతమీద రాసుకుని వెళ్ళేవాడు. కాగితం మీద అయిదు చిల్లులూ ఎంత దగ్గరగా పడ్డాయో చూసి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. ఒకరోజు అయిదు చిల్లులూ ఒక అణా బిళ్ళకింద దాగేలా పడ్డ కాగితం తెచ్చి ఎస్తేరుకి చూపించాడు. ఆ అంకె ఖాయం చేసుకున్నాడు. నాలుగేళ్ళు ఆ అంకె మారలేదు. ఆ నాలుగేళ్ళే నా జీవితంలో కాస్త నెమ్మదిగా గడిచిన కాలం.

అయిదో ఏడు ఆయన క్లబ్బులో ఒక పిల్లకి నేర్పడం మొదలుపెట్టాడు. పిల్ల అంటున్నాను గానీ ఆమెకి ఇరవై అయిదేళ్ళు. పేరు వకుళ, మల్కాజిగిరిలో ఉంటుంది, బ్యాంకులో క్లర్కు. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆమె తూటాలు కూడా కృపావరమే నింపేవాడు. ఆమె డబ్బా మీద ఎర్ర పెన్సిలు గీత, తన డబ్బా మీద నీలం గీత. ఇద్దరికీ ఒకటే తూకం.

ఆ వేసవిలో ఆయన కుడి మోచేయి నొప్పి మొదలైంది. ఇరవై ఏళ్ళు లేతు దగ్గర పిడి తిప్పిన చెయ్యి. చిమటాతో నా చిన్న రాయి ఎత్తేటప్పుడు వేళ్ళు వణికితే నా ముల్లు చెప్పేసేది. నాకు తెలిసిన సంగతి ఇంకా ఎస్తేరుకి తెలియదు. రివాల్వరు కాల్చినప్పుడల్లా వెనక్కి తన్నుతుంది కదా, ఆ తన్ను మోచేతిలోకి దిగి ఆయన చెయ్యి కిందికి వాలిపోయేది. ఆర్నెల్లలో క్లబ్బుల మధ్య పోటీకి మద్రాసు వెళ్ళే నలుగురినీ ఎంపిక చేస్తారు. ఆడా మగా తేడా లేకుండా అందరూ కలిసి కాల్చే పోటీ. ఎనిమిదేళ్ళుగా ఆయన పేరు లేకుండా ఆ జట్టు వెళ్ళలేదు.

ఒక శనివారం ఆయన నా కుడి పళ్ళెంలోంచి దోమ రెక్క రాయిని ఒకదాన్ని తీసేశాడు.

ఒక్కటే. గ్రెయినులో పదో వంతు. తన్ను కాస్త తగ్గింది. రెండు వారాల తర్వాత ఇంకొకటి తీశాడు. తన డబ్బాకే, నీలం గీతకే. వకుళ డబ్బాకి పాత తూకమే. నాయుడు ఒకసారి క్లబ్బులో కాల్చే చోట చెవి రిక్కించి, "నీ సప్పుడు మెత్తబడింది బాబూ," అన్నాడట. "మెత్తటి లోడు పెట్టుకున్నాను," అన్నాడట ఈయన. మనుషులు భయపడి తగ్గించుకున్నదానికి కూడా మంచి పేరొకటి పెట్టుకుంటారు.

నేను త్రాసుని. ఒక పళ్ళెంలో పెట్టిన రాయికి రెండో పళ్ళెంలో ఎంత మందు సరితూగుతుందో చెప్పగలను. ఆ రాయి అక్కడ ఉండాలా లేదా అని నన్నెవరూ అడగరు. ఎంపిక పోటీకి పదిరోజుల ముందు ఆయన మరో రాయి తీసినప్పుడు ఆ తూకం పుస్తకంలో కింది అంకెకంటే కిందికి దిగింది. పుస్తకం బల్లమీదే ఉంది. దాన్ని మూసి ఒక పక్కకి జరిపాడు. అదెక్కడ తనని చూస్తుందో అన్నట్టు బోర్లా పెట్టాడు. ఆ మధ్యాహ్నం తూచిందే తూచాడు. లేచి వరండాలోకి వెళ్ళాడు, వచ్చాడు. కిటికీ తీశాడు, గాలికి నేను ఊగుతుంటే మళ్ళీ మూశాడు. అయినా నింపాడు. నూట పది తూటాలు. మర్నాడు అందులో ఇరవై కాల్చి చూశాడు. ఇరవయ్యీ వెళ్ళాయి.

ఎంపిక పోటీ రోజు నేను ఇంట్లోనే ఉన్నాను. అక్కడ జరిగింది తర్వాత కృపావరం, నాయుడు, వకుళ ముగ్గురూ ఈ బల్ల దగ్గర చెప్పగా విన్నాను. ముగ్గురు మనుషులు ఒక సంగతిని ఒకేలా చెప్పడం నేను విన్నది అదొక్కసారే.

వకుళ ముందురోజు సాధనలో ఎక్కువ కాల్చేసింది. ఉదయం భాగం అయ్యేసరికి ఎర్రగీత డబ్బా ఖాళీ అయింది. వేగంగా కాల్చాల్సిన రెండో భాగానికి ముప్పై తూటాలు కావాలి. కృపావరం అప్పటికే తన వంతు ముగించి కూర్చున్నాడు, జట్టులో చోటు దాదాపు ఖాయం. వకుళ వచ్చి, "సార్, మీ దగ్గర మిగిలినయి ఉన్నయా?" అంది.

పక్కనే నాయుడు ఉన్నాడు. క్లబ్బు కార్యదర్శి ఉన్నాడు. "ఉన్నాయి గానీ..." అన్నాడు ఈయన.

"గానీ ఏంది సార్?"

ఆ 'గానీ' తర్వాత చెప్పాల్సింది ఒకటే మాట. అది చెబితే ఎందుకు తగ్గించావని అడుగుతారు. అడిగితే మోచేయి చూపించాలి. ఇరవై వెళ్ళాయి కదా, ఇవీ వెళతాయి అనుకున్నాడు. "ఏం లేదు, తీసుకో," అని నీలంగీత డబ్బా ఇచ్చాడు.

రెండో భాగంలో కాగితం మూడు సెకన్లు మనవైపు తిరుగుతుంది. ఆ మూడు సెకన్లలో చెయ్యెత్తి ఒక్కటి కాల్చాలి. ఏడు సెకన్లు పక్కకి తిరుగుతుంది. మళ్ళీ మూడు. వకుళ బాగా కాలుస్తోంది. పదిహేడు తూటాలయ్యాయి. పద్దెనిమిదోదానికి చప్పుడు వేరుగా వచ్చింది. సీసా బిరడా తీసినట్టు చిన్నగా 'టప్' అంది, అంతే. ఆమె చెవులకి రక్షణ తొడుగులు, పక్కన మరో అయిదుగురు కాలుస్తున్నారు, తేడా తెలియలేదు. గురి తప్పిందనుకుని చెయ్యి దించి, తర్వాతదానికి సిద్ధమైంది.

కృపావరానికి తెలిసింది. ఏడు సెకన్లున్నాయి. కాల్చేవాళ్ళతో వెనకనుంచి ఎవరూ మాట్లాడకూడదన్నది పోటీ నియమం. మాట్లాడితే ఆ వరుస మొత్తం రద్దు. మొదటి రెండు సెకన్లు తాను కదల్లేదని ఆయనే చెప్పాడు ఎస్తేరుతో. లేచి నిలబడ్డానికి ఇంకొకటి. ఆ తర్వాత కుర్చీ తన్నేసి గీత దాటి పరిగెత్తాడు.

"కాల్చకు! వకుళా, కాల్చకు! కింద పెట్టేయ్!"

కాగితం తిరిగింది. ఆమె చెయ్యి సగం లేచి ఉంది. ఆగింది.

నాయుడు రివాల్వరు తీసుకుని, ఖాళీ చేసి, సన్నటి కడ్డీ బ్యారెల్లోకి దూర్చాడు. మూడొంతుల దూరంలో కడ్డీ ఆగిపోయింది. గుండు అక్కడుంది. ఆమె అయిదు తూటాల వరుస రద్దయింది. మిగతావి క్లబ్బు రివాల్వరుతో, క్లబ్బు తూటాలతో కాల్చినా నాలుగు పాయింట్ల తేడాతో జట్టులో చోటు పోయింది.

కార్యదర్శి కాగితం కలం తీసుకుని అడిగాడు, ఎలా జరిగిందని. ఇంటికి వచ్చాక కృపావరం తన జవాబు ఎస్తేరుకి చెబుతుంటే విన్నాను. నా ఎదురుగా నిలబడే చెప్పాడు.

"త్రాసు పాతదైపోయింది సార్, ముల్లు ఎక్కడో పట్టేస్తున్నట్టుంది, అన్నాను. అలాగే రాసుకున్నారు."

నాకు చెవులు లేవని ఆయన ఉద్దేశం. మస్తాన్ మూడురోజులు కూర్చుని అరగదీసిన అంచు నాది. రామదాసు దగ్గర పసిపిల్లల పొట్లాలు తూచాను. ఒక్కరోజు పట్టెయ్యలేదు. ఎస్తేరు నావైపు చూసి, ఆయనవైపు చూసి, "పోనీలెండి, ఆ పిల్లకి ఏమీ కాలేదు," అంది.

ఆయన మాత్రం స్థిమితపడలేదు. భోజనం ముందు కూర్చుని లేచిపోయేవాడు. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే గదిలో తిరిగేవాడు. మూడోరోజు నన్ను పెట్టెతో సహా ఎత్తి గుమ్మం దగ్గర పెట్టాడు. "పాత సామాన్లవాడు వస్తే ఇచ్చెయ్ ఎస్తేరూ. చెడిపోయింది ఇంట్లో ఎందుకు?" అన్నాడు. రెండురోజులు చెప్పుల పక్కన కూర్చున్నాను. వీధిలో ప్రతి కేకకీ ఇదే ఆఖరు అనుకున్నాను. పాత సామాన్లవాడు రెండుసార్లు వచ్చిపోయాడు. ఎస్తేరు రెండుసార్లూ ఆ కేక విననట్టే ఉండిపోయింది.

మూడోరోజు సాయంత్రం నాయుడు వచ్చాడు. "క్లబ్బువోళ్ళు త్రాసు పరీక్ష సెయ్యమన్నారు బాబూ. ఏదీ?" గుమ్మం దగ్గర నన్ను చూసి ఎత్తుకొచ్చి భోజనాల బల్లమీద పెట్టాడు. జేబులోంచి మఖ్మల్ డబ్బీ తీశాడు. అందులో ఆయన పరీక్ష రాళ్ళు, ప్రభుత్వ ముద్రవి. ఒక పళ్ళెంలో నా రాయి, రెండోదాంట్లో తన రాయి పెట్టాడు. ముల్లు రెండుసార్లు ఊగి నడిమికి వచ్చి నిలబడింది. మార్చి పెట్టాడు. నిలబడింది. ఆఖరికి దోమ రెక్క రాయి ఒక్కటే పెట్టాడు. ముల్లు ఒక గీత జరిగింది, జరగాల్సినంతే. ఇంత జాగ్రత్తగా నేనెప్పుడూ తూగలేదు.

"ముల్లు ఎక్కడా పట్టట్లేదు," అన్నాడు నాయుడు.

కృపావరం గోడవైపు చూస్తున్నాడు.

"ఆ పిల్ల దగ్గర మిగిలిన పన్నెండు తూటాలూ నేను ఇప్పి సూసినాను. పన్నెండింట్లోనూ ఒకటే తూకం. పట్టేసిన త్రాసు పన్నెండుసార్లు ఒకేలాగ తప్పు తూయదు బాబూ. పుస్తకం కింది అంకెకంటే కిందనుంది. అంత తక్కువ మందు తొడుగులో ఓ పక్కకి జారిపోతే నిప్పు సరిగ్గా అందుకోదు. ఇరవై ఎల్తాయి, ఇరవై ఒకటోది ఎల్లదు. ఆ అంకె నువ్వు ఎంచుకున్నదే."

ఎస్తేరు టీ గ్లాసులు బల్లమీద పెట్టింది. పెట్టి, భర్త కుడి మోచేయి పట్టుకుని బొటనవేలితో ఎముక పక్కన ఒకచోట నొక్కింది. ఆయన అరిచినంత పనిచేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"వేసవి నుంచి."

"రోజుకి నలభైమంది చేతులు పట్టుకుని చూస్తాను నేను. ఇంట్లోవాడి చెయ్యి చూడనివ్వకుండా దాచారా?"

ఆయన కూర్చుండిపోయాడు. "చెబితే తీసేస్తారనుకున్నాను నాయుడుగారూ. ఎనిమిదేళ్ళు... కుర్రాళ్ళు నవ్వుతారనుకున్నాను." మోచేయి ఒత్తుకుంటూ, "రెండు సెకన్లు లేవలేదు నేను. ఆ రెండు సెకన్లూ ఏం లెక్కేసుకున్నానో నాకు తెలుసు. నియమాల గురించి కాదు, నా పేరు గురించి," అన్నాడు.

నాయుడు రాళ్ళు ఒక్కొక్కటే డబ్బీలో సర్దుకున్నాడు. "నా కాయితం మీద త్రాసు బాగుందని మాత్రమే రాస్తాను. మిగతాది నేను రాయను. నువ్వు సెప్పాల."

ఆదివారం వెళ్ళి చెప్పాడు. అందరి ముందూ నిలబడి, మోచేతి సంగతీ, తీసిన రాళ్ళ సంగతీ, త్రాసుమీద వేసిన అబద్ధమూ చెప్పాడు. క్లబ్బువాళ్ళు జట్టులోంచి ఆయన పేరు తీసేశారు. ఏడాదిపాటు తూటాలు నింపకూడదన్నారు. ఆయన ఖాళీ చేసిన చోటు వకుళకి ఇస్తారేమోనని ఆశపడ్డాడు. ఇవ్వలేదు. పాయింట్లలో ఆమెకంటే ముందున్న అయిదోవాడు వెళ్ళాడు.

వకుళ చివరి బల్లమీద కూర్చుని అంతా విందట. లేచి ఆయన దగ్గరికి వచ్చి, "ముందుగాల్నే చెప్తే నేనేమన్న అంటుంటినా సార్?" అని, జవాబు కోసం ఆగకుండా సైకిలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మాట ఆయన ఎస్తేరుకి మూడుసార్లు చెప్పాడు.

మోచేతికి చికిత్స మొదలైంది. నేను బీరువా మీదికి చేరాను. శనివారాలు ఆయన వచ్చి, నన్ను కిందికి దించి, అద్దాలు తుడిచి, ఏమీ తూచకుండా మళ్ళీ పైన పెట్టేవాడు. క్షమాపణ చెప్పుకుంటున్నాడో, చేతికి పని లేక తోచకో, నాకు తెలియదు. ఒక్కోసారి తుడవడం మధ్యలో ఆపి వీధిలోకి చూసేవాడు. సైకిలు బెల్లు వినిపిస్తే ఆ గుడ్డ చేతిలోనే ఉండిపోయేది.

మూడు నెలలకి ఒక శనివారం మధ్యాహ్నం ఆమె వచ్చింది. చేతిలో ఖాళీ తొడుగుల సంచీ, క్లబ్బు ఇచ్చిన అనుమతి కాగితం. ఆమె పేరు మీద.

"నేనే నింపుకుంట సార్. నాయుడు సార్ మీ దగ్గరే నేర్చుకొమ్మన్నడు. మీరు ముట్టుకోవద్దు, చెప్పుర్రి చాలు."

ఎస్తేరే కుర్చీ లాగింది, ఫ్యానాపింది, కిటికీలు మూసింది. వకుళ నన్ను తనే సర్దుకుంది. పెట్టె కింద కాగితం మడిచి పెట్టి మట్టం చూసుకుంది. మొదటిసారి చిమటా పట్టిన చెయ్యి కదా, రాయి రెండుసార్లు జారింది. మూడోసారి కూర్చుంది. సీసాలోంచి చెంచా కొనతో కొంచెం కొంచెంగా మందు రాల్చింది. ముల్లు నడిమికి వచ్చింది. ఆమె నమ్మలేదు. పళ్ళెం తీసి, దులిపి, మళ్ళీ మొదట్నుంచి తూచింది. నాకు కోపం రాలేదు. నన్ను నమ్మకుండా తూచినవాళ్ళలో ఆమె ఒక్కతే నాకు నచ్చింది.

కృపావరం కుర్చీ అంచున కూర్చున్నాడు. చెమట కారుతోంది. చెయ్యి ముందుకి వస్తే తనే వెనక్కి లాక్కుంటున్నాడు. పుస్తకం ఇద్దరి మధ్యా తెరిచి ఉంది. ఆమె వేలు కింది అంకె మీద పెట్టి, అక్కణ్ణించి పైకి జరిపి ఒకచోట ఆపింది.

"మొదలు ఇక్కడ్నించి చూస్త సార్. కింది దాని దగ్గరికి పోను."

ఆయన ఆ అంకె చూశాడు. అనకుండా ఉండలేకపోయాడు.

"మంచిదే. కాకపోతే అంత పోస్తే చేతిని బాగా తన్నుతుందమ్మా."

వకుళ తల ఎత్తకుండా, రేకు రాయిని పళ్ళెం అంచుకి తగలకుండా దించుతూ అంది:

"తన్ననియ్యుర్రి సార్. గుండు పోయిందని తెలుస్తది గద."